ఆఖరున బయలుదేరిన గుర్రం

ఈ సంవత్సరం కొత్త విద్యార్థులకు స్వాగతం చెప్పిన సభలో ఒక పెద్దమనిషి ఒక గుర్రం కథ చెప్పారు. అమెరికాలో ఒక పందెపు గుర్రం అన్నిటికన్నా ఆఖరున బయలుదేరి, అన్నిటికన్నా ముందు గమ్యం చేరిందట. “కాబట్టి విద్యార్థులారా, ఆరంభం ఎట్లా ఉన్నా సరే, పట్టుదల ఉంటే విజయం మీదే” అని ముగించారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కొట్టి పక్కకు చూసుకుంటే, రెండేళ్ళ క్రితం ఇదే హాలులో నా పక్క కుర్చీలో కూర్చున్న సిరిసిల్ల మిత్రుడు గుర్తుకు వచ్చాడు. అతను మొదటి సంవత్సరం పూర్తి కాకుండానే చదువు మాని వెళ్ళిపోయాడు. పట్టుదల లేక వెళ్ళలేదు. ఆ సంగతి అతని గదిలో ఉన్న నాకు తెలుసు. అందుకే ఆ గుర్రం కథ చప్పట్లతో ముగిసిపోలేదు నాకు.

గుర్రప్పందాల మీద వ్రాస్తున్నానని మిత్రులెవరూ అనుకోవద్దని మనవి. మాది కోరుట్ల దగ్గరి పల్లె. వ్యవసాయమే ఆధారం. మా ఇంట్లో పందెం అంటే కొంప ముంచేది, అంతే. ఎవరు ఎంత కాశారు, ఎవరు ఎంత పోగొట్టుకున్నారు అనేది నాకు అక్కరలేదు. పరుగెత్తిన గుర్రం సంగతి కావాలి. సైన్సు విద్యార్థిని గనుక ఆ కథలో అంకెలేమిటో చూద్దామని వెతికాను. వెతికినకొద్దీ ఆ పెద్దమనిషి చెప్పింది సగం కథేనని తెలిసింది. మిగతా సగం చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ గుర్రం పేరు సెక్రెటేరియట్. 1973 మే 5న లూయీవిల్ నగరంలోని చర్చిల్ డౌన్స్ మైదానంలో జరిగిన కెంటకీ డెర్బీ పందెం అది. దూరం మైలుంపావు, అంటే రెండు కిలోమీటర్ల పైచిలుకు. బరిలో 13 గుర్రాలు. గేటు తెరుచుకోగానే తక్కినవన్నీ ముందుకు పోయాయి, ఇది అన్నిటి వెనక పడింది. దాని మీద కూర్చున్న జాకీ పేరు రాన్ టర్కాట్. కెనడా దేశస్థుడు, జాకీ కాకముందు అడవిలో కలప కొట్టే పని చేసినవాడు. వెనకబడ్డామని అతను కంగారు పడలేదు. గుర్రాన్ని తొందరపెట్టలేదు. దాని అడుగు దానికి కుదిరేదాకా ఓపిక పట్టి, మొదటి మలుపు వస్తుండగా గుర్రాల నడుమ సందు చూసుకుని మెల్లగా ముందుకు జరగడం మొదలుపెట్టాడు. కొరడా వాడలేదా అంటే, వాడాడు. ఎప్పుడు? చివరి మలుపు దాటుతున్నప్పుడు. ఆఖరి పరుగులో చివరికి మాత్రం కొట్టకుండా ఊరకే చూపించాడట.

ఇక అంకెలు చూడండి. ఆ మైలుంపావును అయిదు పావు మైళ్ళుగా విడదీసి కాలం లెక్క కట్టారు. మొదటి పావు 25.2 సెకన్లు, రెండవది 24, మూడవది 23.8, నాలుగవది 23.4, అయిదవది 23. అన్నీ కూడితే 119.4 సెకన్లు, అంటే 1 నిమిషం 59.4 సెకన్లు. డెర్బీలో ఆ రికార్డును ఇంతవరకు ఏ గుర్రమూ చెరపలేదు. పావు మైలు అంటే 402 మీటర్లు. భాగించి చూస్తే మొదటి పావులో దాని వేగం సెకనుకు సుమారు 16 మీటర్లు, చివరి పావులో పదిహేడున్నర. మామూలుగా పందెపు గుర్రం పోనుపోను అలిసిపోతుంది, చివరి పావుకు వేగం తగ్గుతుంది. ఇది మాత్రం ప్రతి పావులోను వెనకటి పావుకన్నా వేగంగా పరుగెత్తింది. మా ఫిజిక్సు నోటుబుక్కులో గ్రాఫు గీసి చూసుకున్నాను. గీత ఎక్కడా కిందికి దిగలేదు.

ఇంతవరకు ఆ పెద్దమనిషి చెప్పింది నిజమే. ఇక ఆయన చెప్పనివి మూడు.

మొదటిది: ఆ గుర్రం దిక్కులేని గుర్రం కాదు. 1972లో, రెండేళ్ళ వయసులోనే, అమెరికాలో ఆ ఏటి ఉత్తమ అశ్వంగా ఎన్నికైంది. డెర్బీకి కొన్ని నెలల ముందే దాని సంతాన హక్కులను వాటాలు వేసి అరవై లక్షల డాలర్ల పైచిలుకు ధరకు అమ్మారు. మంచి దాణా, మంచి శిక్షకుడు, మంచి జాకీ. 1989లో చనిపోయినప్పుడు దాన్ని పరీక్షించిన పశువైద్యుడు దాని గుండె సుమారు పది కిలోలు ఉంటుందని అంచనా వేశాడు. మామూలు గుర్రం గుండె నాలుగు కిలోలకు అటూ ఇటూ. అంటే ఆ రోజు దాని ఆరంభం ఒక్కటే బాగాలేదు, తక్కినవన్నీ బాగున్నాయి. మా పల్లెల నుండి వచ్చే పిల్లవాడికి ఆరంభం ఒక్కటే బాగాలేకపోవడం ఎక్కడ జరుగుతుంది? పుస్తకం లేదు, భాష రాదు, అడిగితే చెప్పేవారు ఇంట్లో లేరు. అతని ముందు ఈ కథ చెప్పి “నీలో పట్టుదల చాలదు” అనడం న్యాయం కాదు.

రెండవది: ఆ పందెంలో రెండవ స్థానంలో వచ్చిన గుర్రం సంగతి. దాని పేరు షామ్. గేటు దగ్గర తల ఇనుముకు కొట్టుకుని రెండు పళ్ళు కదిలిపోయాయి. నోట నెత్తురుతోనే పరుగెత్తి రెండున్నర గుర్రాల పొడవు తేడాతో రెండవదిగా వచ్చింది. నన్నడిగితే ఆ రోజు అందరికన్నా చెడ్డ ఆరంభం దానిదే. మరి ఏ సభలోనైనా షామ్ పేరు విన్నామా? గెలిచినవాడి కష్టాన్నే మనం కష్టం అంటాం. ఓడినవాడి కష్టానికి సాకు అని పేరు పెడతాం.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. అది పందెం పొడవు. అమెరికాలోనే అంతకుముందు మాన్ ఓ వార్ అనే గుర్రం ఉండేది. 21 పందాలు పరుగెత్తి 20 గెలిచింది. ఓడిన ఆ ఒక్కటి 1919 ఆగస్టులో సరటోగాలో. ఆరంభం సరిగ్గా కుదరక వెనకబడింది, మధ్యలో దారి దొరకలేదు, చివరికి దూసుకు వచ్చినా ముందున్న గుర్రాన్ని కొద్దిలో అందుకోలేకపోయింది. ఆ పందెం దూరం ఆరు ఫర్లాంగులు, అంటే 1200 మీటర్లు. సెక్రెటేరియట్ డెర్బీ దూరం పది ఫర్లాంగులు. రెండూ మహా గుర్రాలే, రెండూ వెనకబడ్డవే. ఒకదానికి సర్దుకునేందుకు నేల మిగిలింది, ఇంకొకదానికి మిగలలేదు. సెక్రెటేరియట్ పరుగును మొదటి పావు మైలు దగ్గరే ఆపి ఫలితం ప్రకటించి ఉంటే, ఈ రోజు దాని పేరు చెప్పేవారు ఉండేవారు కాదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. చెడ్డ ఆరంభం నుండి కోలుకోవడానికి పరుగెత్తేవాడి పట్టుదల ఒక్కటే చాలదు. ముందు నేల మిగిలి ఉండాలి, మొదట్లోనే కొరడా ఎత్తనివాడు వెంట ఉండాలి. ఈ రెండూ ఇవ్వవలసింది పరుగెత్తేవాడు కాదు, తక్కిన మనమందరం.

ఇక మన సంగతికి వస్తాను. పదవ తరగతి దాకా నేను చదివింది ఊళ్ళో, తెలుగు మీడియంలో. ఇంటరు కూడా తెలుగులోనే. డిగ్రీలో మొదటి రోజు కెమిస్ట్రీ క్లాసులో గంటసేపు ఇంగ్లీషు విన్నాను. నాకు తెలిసిన విషయమే చెబుతున్నారని క్లాసు అయిపోయిన తరువాత పక్కవాడు చెబితే తెలిసింది. ‘బాష్పీభవనం’ అంటే లేచి నిలబడి చెప్పగలవాణ్ణి, ఇంగ్లీషులో అదే మాట వినబడితే తల వంచుకున్నాను. మొదటి సెమిస్టరులో మూడు పేపర్లు తప్పాను. ఒక సబ్జెక్టులో ఆ మార్కులనే ఆధారం చేసుకుని సెమినారుకు, క్విజ్జుకు పేర్లు ఎంపిక చేశారు. ఆ పేర్లే ఆ తరువాత కూడా కొనసాగాయి. గేటు దగ్గర ఎవరు ముందు ఉన్నారో చూసి బహుమతులు పంచినట్టు అయింది.

ఇంటికి పోయి మూడు తప్పానని చెప్పాను. బాపు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. బర్లకు గడ్డి వేసి వచ్చి గడప మీద కూర్చుని అన్నాడు: “పోయిన వానకాలం యాదికి లేదారా? మిరుగు పాయె, ఆరుద్ర పాయె, పెద్దపుసాలు పాయె. వాన మొగం చూసినమా? పొలం ఇడిసిపెట్టినమా మరి? ఇత్తనం మార్చినం.”

పొలం తెలియని మిత్రుల కోసం కొంచెం విడమరచి చెబుతాను. వానలు ఆలస్యమై కాలువ నీళ్ళు రాకపోతే నారు పోయడం వెనకపడుతుంది. సాంబ మసూరి వంటి రకం కోతకు రావడానికి అయిదు నెలలు కావాలి. దాన్ని ఆలస్యంగా నాటితే వెన్ను తీసే వేళకు చలి పడి గింజ తాలు పోతుంది. అంతేకాక ఆలస్యంగా వేసిన వరికి ఉల్లికోడు బెడద ఎక్కువ. మరి రైతు ఏం చేయాలి? జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నదని మనందరికీ తెలుసు. అక్కడి శాస్త్రజ్ఞులు ‘జగిత్యాల సన్నాలు’ వంటి రకాలు తయారు చేశారు. నాలుగు నెలలకే చేతికి వస్తుంది, ఉల్లికోడును తట్టుకుంటుంది, గింజ కూడా సన్నమే. ఆ ఏడు బాపు వేసింది అదే. అందరితో పాటే వడ్లు కల్లానికి వచ్చాయి.

బాపు ఆ మాట నాకు ధైర్యం చెప్పడానికి అన్నాడు. నాకు మాత్రం తరువాత ఇంకొక ఆలోచన వచ్చింది. వాన ఆలస్యమైన తరువాత పరుగెత్తి ఎవరూ ఆ విత్తనం పుట్టించలేదు. ఏదో ఒక ఏడు వాన ఆలస్యమవుతుంది, అప్పుడు రైతు ఏం చేస్తాడని ముందే ఆలోచించి, ఏళ్ళ తరబడి కష్టపడి తయారు చేసి ఉంచారు. ఆలస్యమైన రైతుకోసం పొలాసలో విత్తనం ఉన్నది. ఆలస్యమైన విద్యార్థికోసం మన కాలేజీల్లో ఏమున్నది? సభలో చెప్పే గుర్రం కథ తప్ప?

నా సిరిసిల్ల మిత్రుడికి ఏమీ దొరకలేదు. అతని తండ్రి సాంచెల మీద పని చేస్తాడు. మొదటి సెమిస్టరులో అతను నాలుగు పేపర్లు తప్పాడు. ఇంటికి పోతున్నానని బ్యాగు సర్దుకున్నాడు, తిరిగి రాలేదు. ఎందుకు రాలేదని అడిగినవారు లేరు, నాతో సహా. నేను అప్పుడు నా మూడు పేపర్ల దిగులులో ఉన్నాను. పోయిన వేసవిలో వేములవాడకు పోయి వస్తూ సిరిసిల్లలో దిగాను. అతను సాంచె దగ్గర ఉన్నాడు. ఆ చప్పుడులో మాట వినపడదు. ఒక పోగు తెగితే సాంచె ఆపి, ముడివేసి, మళ్ళీ నడిపి, నన్ను బయటికి తీసుకువచ్చి చాయ తాగించాడు. కాలేజి మాట నేనే ఎత్తాను. కొంచెంసేపు ఊరుకుని అన్నాడు: “పోగు తెగితె సాంచె ఆపుతం భాయ్. ముడేసి మల్ల నడుపుతం. తెగిందని బీము మొత్తం పారెయ్యం గద. ఆడ మాత్రం ఎవ్వలాపలే.”

నా దగ్గర జవాబు లేదు. చాయ డబ్బులు కూడా అతనే ఇచ్చాడు.

అదే సిరిసిల్ల ప్రాంతంలో హనుమాజీపేట అనే పల్లె ఉన్నది. 1931లో అక్కడ ఒక రైతు కుటుంబంలో పుట్టిన పిల్లవాడు డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నాడు, ఎందుకంటే నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలోనే ఉండేది. తెలుగు కవి కావడానికి ఇంతకన్నా చెడ్డ ఆరంభం ఏముంటుంది? ఆయనే డాక్టర్ సి.నారాయణ రెడ్డి గారు. ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేసి, పరిశోధన చేసి, అక్కడే ఆచార్యులై, ‘విశ్వంభర’ కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. పుట్టినప్పటి నుండి లెక్కపెడితే 57 ఏళ్ళ పరుగు అది. తెలుగు మీడియంలో చదవలేదు గనుక తెలుగు ఎం.ఏ.కు పనికిరావని ఉస్మానియా గేటు దగ్గరే ఎవరైనా అని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. నా మిత్రుడు సినారె అవుతాడని నేను అనడం లేదు. అవునో కాదో తేల్చేంత నేల అతనికి మిగల్చలేదని మాత్రమే అంటున్నాను.

ఇక్కడ మా సార్లలో కొందరికి ఒక సందేహం రావచ్చు. “అంటే తప్పినవాళ్ళందరినీ పాస్ చేయమంటావా? ప్రమాణాలు వద్దా?” అని. అక్కరలేదు సార్. డెర్బీలో వెనకబడ్డ గుర్రానికోసం గమ్యాన్ని ఎవరూ దగ్గరికి జరపలేదు. పదమూడు గుర్రాలకూ అదే దూరం, అదే గడియారం. గ్రేసు మార్కులు మాకు వద్దు. చివరిదాకా పరుగెత్తనివ్వండి, మొదటి మలుపు దగ్గర లెక్క తేల్చవద్దు అనే మా మనవి. సప్లిమెంటరీ పరీక్ష పెడుతున్నాం కదా అనవచ్చు. నిజమే. కాని అర్థం కాని పాఠాన్ని అర్థం కాకుండానే రెండోసారి వ్రాయించడం పాత విత్తనాన్నే ఆలస్యంగా చల్లడం వంటిది. తాలు రాక ఏమవుతుంది?

మరి చేయవలసింది ఏమిటి? ప్రభుత్వం చేయాలి, యూనివర్సిటీ చేయాలి అని వ్రాసి చేతులు దులుపుకోవడం సులభం. మన చేతిలో ఉన్నవే మూడు చెబుతాను. ఒకటి, మొదటి సెమిస్టరులో మొదటి ఆరు వారాలు సాయంత్రం ఒక గంట, పై తరగతుల విద్యార్థులు తెలుగు మీడియం నుండి వచ్చినవారికి పాఠాన్ని తెలుగులో చెప్పి, ఆ మాటకు ఇంగ్లీషు మాట వ్రాయించాలి. పెద్ద పాండిత్యం అక్కరలేదు. నిన్న మొన్న ఆ ఇబ్బంది పడ్డవారికే అది బాగా చేతనవుతుంది. రెండు, సెమినార్లకు, పోటీలకు పేర్లు ఏ సెమిస్టరుకు ఆ సెమిస్టరు కొత్తగా పిలవాలి. మూడు, ఎవరైనా రెండు వారాలు వరుసగా క్లాసుకు రాకపోతే విద్యార్థి సంఘం తరఫున ఒకరు వాళ్ళ ఊరికి బస్సెక్కి పోయి రావాలి. వార్షికోత్సవానికి మైకులకు, లైట్లకు మనం పెట్టే ఖర్చులో కొంత తగ్గిస్తే ఏడాది పొడవునా ఆ బస్సు టికెట్లకు సరిపోతుంది. కోరుట్లకైనా, జగిత్యాలకైనా, సిరిసిల్లకైనా మన దగ్గర నుండి బస్సు దొరకని రోజు లేదు కదా.

నా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. తప్పిన మూడింటిలో రెండు రెండవ సంవత్సరంలో గట్టెక్కించాను. ఒకటి ఇంకా మిగిలి ఉన్నది. ఈసారి పోతుందని నమ్మకం. నేను సెక్రెటేరియట్‌ను కాను. షామ్‌ను కూడా కానేమో. మధ్యలో ఎక్కడో పరుగెత్తుతున్న పేరులేని గుర్రాన్ని. కాని నా గ్రాఫు కూడా గీసి చూసుకున్నాను. సెమిస్టరు సెమిస్టరుకు గీత పైకే పోతున్నది. మా సీనియరు ఒకరు తన నోట్సు ఇచ్చి, రాత్రిళ్ళు కూర్చోబెట్టి చెప్పకపోతే ఇది జరిగేది కాదు. నాకు ఆ ఒక్క మనిషి దొరికాడు, నా మిత్రుడికి దొరకలేదు. ఇద్దరి నడుమ తేడా అంతే.

వచ్చే ఏడు కూడా ఇదే హాలులో స్వాగత సభ జరుగుతుంది. ఎవరో ఒక పెద్దమనిషి మళ్ళీ ఏదో ఒక గుర్రం కథ చెబుతారు. చెప్పనివ్వండి, వినడానికి బాగానే ఉంటుంది. కాని చప్పట్లు కొట్టి లేచేముందు, మిత్రులారా, ఒకసారి పక్క కుర్చీలో ఉన్నవాడి పేరు, ఊరు అడిగి వ్రాసి పెట్టుకోండి. రెండు నెలల తరువాత అతను కనబడకపోతే వెతకడానికి పనికివస్తుంది.

ఈ సంచిక అచ్చయి రాగానే ఒక ప్రతి తీసుకుని సిరిసిల్ల బస్సెక్కుతాను. దూరవిద్యలో చేరే ఫారం ఒకటి కూడా వెంట తీసుకుపోతున్నాను. ఈసారి చాయ డబ్బులు నేనిస్తాను.